గడప బయట కుర్చీ

ఆమె పేము కుర్చీలు అల్లుతుంది. నాలుగంతస్తుల పాత భవనంలో మెట్ల కింద గది ఆమెది. గది ముందు సిమెంటు తొట్టి. తొట్టిలో చుట్టలుగా నానుతున్న పేము బద్దలు. ఎండిన బద్దను వంచితే విరుగుతుంది. నానిన బద్ద ఎటు తిప్పితే అటు తిరుగుతుంది. రోజంతా తడిలో ఉండి ఆమె వేళ్ళు ఎప్పుడూ ముడతలు పడి ఉంటాయి.

భవనంలో అందరికీ ఆమె కుర్చీలత్త. తనకంటే పెద్దవాళ్ళు కూడా అత్తా అనే పిలుస్తారు. ఆమె అభ్యంతరం చెప్పలేదు. "మేనల్లుళ్ళు పెరిగితే నాకేం నష్టం, మోసేవాళ్ళు పెరుగుతారు" అంటుంది. నిజమే. ఆమె చేతిలో కుర్చీతో మెట్లెక్కితే ఎవరో ఒకరు వచ్చి అందుకుంటారు.

ఆ గదిలో కాళ్ళు ఊడినవి, వీపు వాలినవి, అడుగు చిరిగి నోరు తెరిచినవి చాలా కుర్చీలుంటాయి. అన్నీ పరాయివాళ్ళవే. ఒక్కటే ఆమెది. చేతులు లేని చెక్క కుర్చీ. దాని మీద భవనంలో ఎవరూ కూర్చోరు. అది అమీనా కోసం.

అమీనా అంటే కోర్టు మనిషి. అప్పిచ్చినవాడు దావా గెలిస్తే, బాకీకి సరిపడా సామాను జప్తు చేయడానికి కోర్టు ఆదేశం పట్టుకుని వచ్చేవాడు. ఆ భవనంలో ఉండేవాళ్ళు చేతిపనుల వాళ్ళు, చిన్న జీతాల వాళ్ళు. అమీనా మెట్లెక్కని సంవత్సరం ఉండదు.

ఒకప్పుడు ఆమె గుమ్మంలోకీ ఒక అమీనా వచ్చాడు. ఇప్పటాయన కాదు, అంతకు ముందాయన. అప్పటికి ఆమె ఇంకా ఎవరికీ అత్త కాదు. రెండో అంతస్తులో కాపురం. భర్త వడ్రంగి. అప్పు తెచ్చి దుకాణం పెట్టాడు. దుకాణం నిలబడలేదు. తర్వాత ఆయనా నిలబడలేదు. ఆయన పోయిన ఏడాదే ఒక మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. తీసింది. చేతిలో కాగితాలతో ఒక మనిషి, వెనక ఇద్దరు కూలీలు. ఎదురు వాటా తలుపు ఓరగా తెరిచి ఉంది. ఆ సందులోంచి ఒక కన్ను కనబడింది.

ఆమె ఆ కాగితాల వైపు చూడలేదు. ఆ కన్ను వైపు చూసింది.

"లోపలికి రండి, లోపలికి రండి" అంది. దాదాపు చెయ్యి పట్టుకుని లాగినంత పని చేసింది. తలుపు మూసి గడియ పెట్టింది. ముందు గదిలో ఫ్యాను వేసింది. టీ పెట్టింది. అతను టీ తాగుతూ సామాను జాబితా రాసుకున్నాడు. మంచం, బీరువా, గోడ గడియారం. తర్వాత మూలనున్న కుర్చీలు. అవి అల్లడానికి వచ్చినవి. ఆమెవి కావు. ఒక డాక్టరు గారి భోజనాల గది కుర్చీలు, ఒక పంతులమ్మ గారి పడక కుర్చీ. "అవి నావి కావండీ" అన్న మాట గొంతు దాకా వచ్చింది. ఆ మాట అంటే అతను కాదంటాడు. కాదంటే గొంతులు లేస్తాయి. లేస్తే ఎదురు వాటాకు వినబడుతుంది. మాట మింగేసింది. అతను వెళ్తూ టీ బావుందన్నాడు.

తర్వాత ఆ కుర్చీల సొంతదారులకు ఒక్కొక్కటిగా మళ్ళీ కొనిచ్చింది. మూడు పూటల తిండి రెండు పూటలైంది. రెండో అంతస్తు పోయి మెట్ల కింద గది అయింది.

కుర్చీలేమయ్యాయో అడగడానికి కోర్టుకు వెళ్ళింది. వేలంలో పోయాయన్నారు. వరండా చివర డబ్బులు తీసుకోకుండా సలహా చెప్పే గది ఒకటుంది. అక్కడ ఒక లాయరమ్మ ఆమె చెప్పిందంతా విన్నది. పరాయి సామాను తీసుకోకూడదమ్మా, మీరు నోరు విప్పి చెప్పి ఉంటే అతను రాసుకోవలసి వచ్చేది అంది. బతకడానికి చేతిలో ఉండే పనిముట్లు తీసుకోకూడదు. వంట గిన్నెలు, ఒంటి మీది బట్టలు, పడుకునే పరుపు తీసుకోకూడదు. పొద్దుగూకాక రాకూడదు. వీధి తలుపు మూసి ఉంటే బద్దలు కొట్టుకుని రాకూడదు, దానికి వేరే ఉత్తర్వు కావాలి.

"మరి ఆయన నా ఇంట్లోకి వచ్చేశాడు కదండీ?"

"రాలేదమ్మా" అంది లాయరమ్మ. "మీరు పిలిచారు."

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో ఆమెకు ఆ వరండాలో తెలిసింది. అయినా పట్టుకుంది. ఇంకోసారి చెప్పండి అంది. లాయరమ్మ చెప్పింది. మళ్ళీ ఇంకోసారి అంది. కొత్త అల్లిక నేర్చుకునేటప్పుడు ఆమె అలాగే చేసేది. బద్ద ఎక్కడ పైకి వస్తుందో ఎక్కడ కిందికి పోతుందో వేళ్ళకు తెలిసేదాకా.

కానీ ఇంటికి వచ్చే దారిలో ఆమె ఆలోచించింది ఆ నియమాల గురించి కాదు. ఆ కన్ను గురించి. తనను దోచింది అమీనా కాదు. ఎదురు వాటా చూస్తుందేమోనన్న భయం. ఈ భవనంలో ఎవరి గుమ్మంలో అమీనా నిలబడినా వాళ్ళు చేసే మొదటి పని అదే. లోపలికి పిలిచి తలుపు మూయడం. గుట్టుగా ఉంటుందని. గుట్టు దక్కదు, గుడ్డా దక్కదు.

మళ్ళీ అమీనా వచ్చింది మూడో అంతస్తులో మగ్గం మనిషి ఇంటికి. ఆమె చెక్క కుర్చీ చంకన పెట్టుకుని మెట్లెక్కింది. గడప బయట వేసింది. లోపలున్నవాళ్ళకు తలుపు తీయొద్దని చెప్పింది. అమీనాతో నాలుగంతస్తులకూ వినబడేలా అంది:

"కూర్చోండి బాబూ, ఎక్కి ఎక్కి వచ్చారు. కాగితం చదవండి. గట్టిగా చదవండి, అందరం వింటాం."

మిగతా వాటాల తలుపులు తెరుచుకున్నాయి. మెట్ల మీదికి మనుషులు వచ్చారు. ఆ రోజు మగ్గం మనిషి కిటికీ చువ్వల వెనక తల దించుకుని నిలబడ్డాడు. అతని బాకీ ఎంతో భవనమంతా విన్నది. పై అంతస్తు ముసలాయన ఒకాయన తేలిగ్గా అన్నాడు: "ఓస్, ఇంతేనా? నాది దీనికి రెండింతలు." ఎవరో నవ్వారు. మగ్గం మనిషి తల ఎత్తాడు.

ఆ రోజు అమీనా సామాను ముట్టకుండానే దిగిపోయాడు. అప్పటినుంచీ అదే పద్ధతి. అమీనా కింద కనబడగానే ఎవరో ఒకరు మెట్ల ఇనుప కటకటాల మీద తాళం చెవితో కొడతారు. నాలుగంతస్తులకూ మోగుతుంది. తలుపులు మూసుకుంటాయి. కుర్చీలత్త తడి చేతులు కొంగుకు తుడుచుకుని కుర్చీ ఎత్తుకుంటుంది.

దొంగ ఏడుపులు ఆమె దగ్గర సాగవు. "అప్పు తిన్నావా లేదా? తిన్నావు. అయితే కట్టు. ఎలా కడతావో ఆయన ముందు చెప్పు" అంటుంది. బీరువా పక్కింట్లో దాస్తామని వచ్చినవాళ్ళను తిట్టి పంపింది. ఒక అబద్ధం దొరికిందంటే మన నిజాలన్నీ అబద్ధాల ఖాతాలో పడతాయి అనేది ఆమె.

కొత్త అమీనా సన్నటి మనిషి. ఎడమ మోకాలు నొప్పి. మొదట్లో ఆమెను చూస్తే మండేది. తర్వాత అలవాటైంది.

"నీ కుర్చీ కోసమైనా ఈ భవనానికే ఎక్కువ కేసులు వేయించుకుంటానత్తా" అనేవాడు.

"ముందు దాని కాలు బాగు చేయించాలి. మీ బరువుకి కాదు బాబూ, మీ కాగితాల బరువుకి."

ఇన్నేళ్ళలో ఆమె అతనికి నీళ్ళిచ్చింది, ఎండలో గొడుగిచ్చింది. లోపలికి రమ్మని మాత్రం ఎన్నడూ అనలేదు.

పుస్తకాల బైండరు సంగతి వచ్చింది అలా ఉండగానే.

బైండరుది కింది అంతస్తు, కుర్చీలత్త గదికి ఎదురుగా. ముందు గదే కార్ఖానా. జిగురు డబ్బాలు, అట్టలు, గుడ్డ చుట్టలు. గది మధ్యలో కటింగ్ మిషను. పుస్తకాల కట్ట పెట్టి పెద్ద చక్రం తిప్పితే పైనుంచి బ్లేడు దిగుతుంది. కట్ట అంచు వెన్నలా తెగుతుంది. మిషను కొన్న కొత్తలో ఆ బ్లేడు అతని కుడి చేతి ఉంగరం వేలి కొన కూడా అలాగే తీసుకుంది. అప్పటినుంచీ అతను నలుగురిలోకి వెళ్తే ఆ చెయ్యి జేబులోనే ఉంటుంది. పెళ్ళి ఫోటోలో కూడా జేబులోనే ఉంది.

అతని బావమరిది వ్యాను కొంటానంటే జామీను సంతకం పెట్టాడు. బావమరిది వ్యాను అమ్ముకుని ఊరు దాటాడు. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు బాకీ బైండరు మీద పడింది. భార్య తమ్ముడి పేరెత్తితే ఏడుస్తుంది. అతను పేరెత్తడం మానేశాడు.

మిషను పోతే అతను లేడు. చేత్తో కుట్టగలడు, అట్ట వేయగలడు. అంచు తెగని పుస్తకాన్ని ఎవరూ తీసుకోరు. గ్రంథాలయం పని, బడుల పని అంతా ఆ బ్లేడు మీదే నడుస్తుంది. ఆ సంగతి అప్పిచ్చినవాడికీ తెలుసు. అందుకే జప్తు కోరిన సామానులో మొదట రాయించింది ఆ మిషనే.

అమీనా వచ్చిన రోజు కటకటాలు మోగాయి. కుర్చీలత్త గదిలో లేదు. అల్లిన కుర్చీ ఒకటి ఇవ్వడానికి వీధి చివరికి వెళ్ళింది. బైండరు వెనక గదిలో జిగురు కాస్తున్నాడు, స్టవ్వు హోరులో అతనికి వినబడలేదు. తలుపు దగ్గరున్నది అతని తల్లి. పెద్ద కొడుకు దగ్గరనుంచి ఆ వారమే వచ్చింది. భవనం పద్ధతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. తలుపు తట్టిన మనిషి చెమటలు కక్కుతున్నాడు, కుంటుతున్నాడు.

"అయ్యో, గుమ్మంలో నిలబడ్డారేం బాబూ? లోపలికి రండి. మా వాడి కోసమేనా?"

"అవునమ్మా" అన్నాడు అమీనా. ఒక్క క్షణం ఎదురుగా ఉన్న మెట్ల కింది గది వైపు చూశాడు. చెక్క కుర్చీ ఖాళీగా ఉంది. లోపలికి వచ్చాడు. కూలీలూ వచ్చారు.

కుర్చీలత్త తిరిగొచ్చేసరికి భవనమంతా మెట్ల మీద ఉంది. బైండరు గుమ్మంలో అతని తల్లి ఏడుస్తోంది. "నోరు మంచిదైతే ఊరు మంచిదని పిలిచానమ్మా. నేనే పిలిచాను."

"నేనూ పిలిచాను పెద్దమ్మా, ఒకప్పుడు" అంది కుర్చీలత్త. "టీ ఇచ్చారా?"

"లేదు."

"అయితే నాకంటే నయం."

లోపలికి వెళ్ళింది. చెక్క కుర్చీ తీసుకెళ్ళలేదు. ఇప్పుడు దానితో పని లేదు. తలుపు మాత్రం బార్లా తెరిచి ఉంచింది.

బైండరు ఆమెను వంటగది వైపు లాగాడు. కుడి చెయ్యి జేబులో ఉంది. "అత్తా, మిషను నాది కాదని చెప్తా. నాకు పనిచ్చే ప్రెస్సు ఓనరు, అడిగితే తనదేనని సంతకం పెడతానన్నాడు."

"ఎవరిది?"

"నాదే."

"అయితే నీదని చెప్పు. నీదైతేనే అది నీ పనిముట్టు. వాడిదంటే నీకు దాని మీద హక్కేం మిగిలిందిరా? రేపు వాడు వచ్చి పట్టుకుపోతే ఏం చేస్తావ్?"

అతను ముందు గదిలోకి తిరిగి వచ్చాడు.

అమీనా టీవీ రాసుకున్నాడు. సోఫా రాసుకున్నాడు. బైండరు భార్య కుర్చీలత్త వైపు చూసింది. కుర్చీలత్త తల అడ్డంగా ఊపింది. అవి పోతాయి. కూలీ మంచం మీది పరుపు మీద చెయ్యి వేస్తే, "పెద్దమ్మ పడుకునే పరుపది" అంది. అమీనా కూలీని వద్దన్నాడు. తర్వాత మిషను దగ్గరికి వచ్చాడు. చక్రం మీద చెయ్యి వేశాడు.

"అది పనిముట్టు" అంది కుర్చీలత్త.

"పనిముట్టంటే సుత్తి, కత్తెర అత్తా. ఇది యంత్రం. ఇద్దరు కూలీలు ఎత్తలేరు."

"ఎత్తలేకపోతే వదిలేయండి, పని తీరిపోతుంది."

మెట్ల మీద నవ్వులు. అమీనా నవ్వలేదు. "హాస్యాలొద్దు. దావా వేసిన వాళ్ళ లాయరు నాకు ముందే చెప్పాడు. దీన్ని వదిలితే నా మీద ఫిర్యాదు రాస్తాడు."

కుర్చీలత్త మిషను వైపు చూసింది. లాయరమ్మ చెప్పిన మాటల్లో సుత్తి ఉంది, సూది ఉంది, మగ్గం ఉంది. ఇంత బరువున్న ఇనుము లేదు. అబద్ధం చెప్పడం ఆమెకు రాదు. తెలియనిది తెలిసినట్టు చెప్పడం కూడా ఆమె లెక్కలో అబద్ధమే.

"ఇది పనిముట్టేనా కాదా, నాకు తెలీదు బాబూ" అంది. బైండరు భార్య చెయ్యి నోటికి పోయింది. "మీకూ తెలీదు. లాయరు చెప్పాడని అంటున్నారు. తెలిసిన జడ్జి గారున్నారు కదా. ఇతను తన పనిముట్టని అంటున్నాడు, తీసుకెళ్ళడానికి ఒప్పుకోవడం లేదు. ఆ మాట మీ కాగితంలో రాయండి. ఆయన తేల్చేదాకా దీన్ని కదపకండి. అంతే అడుగుతున్నా."

అమీనా చక్రం మీది చెయ్యి తీయలేదు.

"రాస్తే మీ తప్పు ఉండదు. రాయకుండా పట్టుకెళ్తే, రేపు జడ్జి గారు పనిముట్టేనంటే, అప్పుడు మిమ్మల్నే అడుగుతారు. మీ మోకాలితో దీన్ని మళ్ళీ ఇక్కడికి మోయించాలి."

అతను కిటికీ గట్టు మీద కాగితం పెట్టుకున్నాడు. రాశాడు. బైండరును పిలిచాడు. "జాబితాలో ఉంటుంది. నీ కాపలాలో ఉంటుంది. అమ్మినా, దాచినా జైలుకు పోతావు. పని చేసుకో. సంతకం పెట్టు."

బైండరు ఎడమ చేత్తో పెట్టబోయి ఆగాడు. కుడి చెయ్యి తీసి గబగబా పెట్టి మళ్ళీ జేబులో దాచుకున్నాడు.

టీవీ, సోఫా బయటికి వెళ్ళాయి. గుమ్మంలో బైండరు తల్లి కళ్ళు తుడుచుకుంటూ అలవాటు కొద్దీ అంది: "మంచిది బాబూ, మళ్ళీ రండి."

మెట్లన్నీ గొల్లున నవ్వాయి. అమీనా కూడా నవ్వాడు. "రాకూడదని కోరుకో అమ్మా" అన్నాడు.

కోర్టు రోజున కుర్చీలత్త వెనక బల్ల మీద కూర్చుంది. అక్కడ ఆమె మాట్లాడటానికి లేదు. బైండరు ఇంట్లోనే గట్టిగా మాట్లాడడు. దావా వేసినవాళ్ళ లాయరు లేచాడు. అది ఫ్యాక్టరీలో ఉండే యంత్రం అన్నాడు. దాన్ని నడిపే పనివాళ్ళుంటారు, ఇతను యజమాని, ఇది వ్యాపారం అన్నాడు.

జడ్జి బైండరును చూశాడు. "దాన్ని ఎవరు నడుపుతారు?"

"నేనేనండి."

"పనివాళ్ళు లేరా?"

"లేరండి."

"ఎవరైనా అలాగే అంటారు" అన్నాడు లాయరు.

బైండరు నేల చూశాడు. ఒకసారి వెనక్కి తిరిగి కుర్చీలత్త వైపు చూశాడు. ఆమె ఏ సైగా చేయలేదు. ఏం చేయాలో ఆమెకూ తెలియదు. అతను మళ్ళీ జడ్జి వైపు తిరిగాడు. జేబులోంచి కుడి చెయ్యి తీసి ఎదురుగా ఉన్న బల్ల మీద పెట్టాడు. వేళ్ళు విడదీసి పెట్టాడు.

"ఇది ఆ బ్లేడే తీసుకుందండి" అన్నాడు. "పనివాడుంటే వాడి వేలు పోయేది."

జడ్జి ఆ చేతిని చూశాడు. లాయరూ చూశాడు. జడ్జి ఇంకేమీ అడగకుండా రాసుకున్నాడు. మిషను అతని పనిముట్టు. బాకీ నెలనెలా కట్టాలి.

బయట వరండాలో బైండరు ఆ చెయ్యి ఏం చేయాలో తెలియనట్టు నిలబడ్డాడు. కుర్చీలత్త దాన్ని తన ముడతల వేళ్ళతో పట్టుకుంది. ఆ మొండి వేలును అతని భార్య తప్ప ఎవరూ తాకి ఉండరు.

"ఎవరు చెప్పమన్నార్రా నిన్ను?"

"ఎవరూ చెప్పలేదత్తా. గుట్టు దాచుకుంటే గుడ్డా దక్కదని నువ్వే అంటావుగా."

జాబితాలోంచి మిషనును కొట్టేసిన కాగితం ఇవ్వడానికి అమీనా మళ్ళీ వచ్చాడు. ఎవరో అలవాటుగా కటకటాలు మోగించారు. కుర్చీలత్త కుర్చీ తీసుకుని వచ్చేసరికి బైండరు తల్లి గుమ్మంలో నోటి మీద చెయ్యి పెట్టుకుని నిలబడి ఉంది. పిలవాలో కూడదో తెలియక మాట అణుచుకుంటోంది.

"పిలవండి పెద్దమ్మా" అంది కుర్చీలత్త. "ఇవాళ ఈయన ఇవ్వడానికి వచ్చాడు." ఆగి, తనే అంది. ఆ మాట అతనితో అనడం అదే మొదటిసారి. "లోపలికి రండి బాబూ."

అమీనా ఆమె చంకనున్న కుర్చీ వైపు చూశాడు. చెయ్యి చాచి తీసుకున్నాడు. గడప బయటే వేసుకుని, ఎడమ కాలు జాగ్రత్తగా చాపి కూర్చున్నాడు.

"నాకిక్కడే బావుంటుందత్తా" అన్నాడు.

లోపల బైండరు చక్రం తిప్పాడు. బ్లేడు దిగింది. ముసలామె టీ పెట్టడానికి వెళ్ళింది.